ఏ ఫైలైనా పంపండి

నాగరాజ్‌ను పోలీసులు తీసుకుపోయిన రోజు ఫ్యాక్టరీలో మిషన్లు ఆగలేదు. రాయి కోసే చక్రాల మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. తెల్లటి బురద కాలవలో పారుతూనే ఉంది. వాకిట్లో నిలబడిన లారీలోకి హమాలీలు బండలు ఎక్కిస్తూనే ఉన్నారు. జీపు వచ్చింది, పోయింది. లారీ డ్రైవర్ ఒక్కడు బీడీ కిందేసి, "ఎవర్నప్పా తీసుకపోతాండేది?" అని అడిగాడు. "కంప్యూటర్ పిల్లోణ్ణి" అన్నారెవరో.

బేతంచెర్లలో రైలు స్టేషన్ దాటినాక ఉన్న ఆ నాపరాతి పాలిష్ ఫ్యాక్టరీ లక్ష్మీనరసయ్య శెట్టిది. ఆయన తండ్రి ఉప్పూ పప్పూ అమ్మినవాడు. ఈయన అంగడి మూసి రాళ్ళలోకి దిగి, నిలదొక్కుకున్నాడు. నరసయ్య శెట్టి మాట ఇస్తే రాతి మీద గీత అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. కొడుకు వాసుదేవ్ కర్నూలులో బీకాం చదివి వచ్చి ఆఫీసులో కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు, పనివాళ్ళ పెళ్ళిళ్ళకు పోయి అక్షింతలు వేసి వచ్చేవాడు.

నాగరాజ్ వాళ్ళది ఆలూరు వైపు పల్లె. వానలు లేక, చేను బీడుపడి, అమ్మానాయనా వాణ్ణి చంకనేసుకుని బేతంచెర్ల గనుల్లోకి వచ్చారు. నాయన బొజ్జన్న నడుం పడిపోయేదాకా గనిలో రాయి తీశాడు. అమ్మ ఉరుకుందమ్మ తట్ట మోసింది. పిల్లవాడు ప్రభుత్వ హాస్టల్లో ఉండి నంద్యాలలో కంప్యూటర్ డిగ్రీ పూర్తి చేస్తే, లక్ష్మీనరసయ్య పిలిచి బిల్లులు కొట్టే పని ఇచ్చాడు. గనిలో దిగాల్సినవాడు ఫ్యాను కింద కూర్చున్నాడని ఉరుకుందమ్మకు ఎంత సంతోషమంటే, కొన్నాళ్ళు ఏదో ఒక వంక పెట్టుకుని ఆ దారినే పోయి, కిటికీలోంచి కొడుకును చూసి వచ్చేది.

అది రెండువేల ఏడు. బెంగళూరు నుంచి బండలు కొనే ఒకాయన ఫోన్ చేసి మీ వెబ్‌సైట్ పేరేమిటని అడిగాడు. వాసుదేవ్ ఇంకా పెట్టలేదని చెప్పాడు. ఫోన్ పెట్టేసి నాగరాజ్ వైపు తిరిగాడు.

"మనం గూడా ఒకటి చేయల్లప్పా. నీకొస్తాదా?"

"నేర్చుకుంటే వస్తాదన్నా."

నాగరాజ్ కర్నూలు పోయి ఒక పాత పుస్తకం కొనుక్కొచ్చాడు. బిల్లుల పని అయిపోయినాక దాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్క పేజీ నేర్చుకుంటూ సైటు కట్టాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ దగ్గర సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకున్నారు. రంగురంగుల బండల ఫోటోలు పెట్టారు. అన్నిటికంటే వాసుదేవ్‌కు నచ్చింది ‘మీ ఇంటి ప్లాన్ పంపండి’ అనే పేజీ. కొనేవాళ్ళు తమ ఇంటి కొలతల బొమ్మ అక్కడినుంచి పంపితే, ఏ గదికి ఏ సైజు బండలు ఎన్ని కావాలో ఫ్యాక్టరీ వాళ్ళే లెక్కకట్టి చెబుతారు. అట్లాంటిది చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీకీ లేదు.

ఆ పేజీ ఫోటోల ఫైళ్ళు తప్ప ఇంకేమీ తీసుకోకుండా నాగరాజ్ కట్టడి పెట్టాడు. పుస్తకంలో అట్లే రాసి ఉంది కాబట్టి పెట్టాడు.

ఎండలు ముదిరే వేళకు కడప నుంచి ఒక ఇంజనీరు ఫోన్ చేశాడు. ఒంటిమిట్టలో యాత్రికుల కోసం పెద్ద సత్రం కడుతున్నారట, కిందంతా నాపరాయి పరవాలట. ఆయన డ్రాయింగ్ ఫోటో కాదు, ఇంజనీర్లు వాడే వేరే రకం ఫైలు. ఎన్నిసార్లు పంపినా సైటు తీసుకోలేదు.

"మీ సైటు నా డ్రాయింగ్ వద్దంటాంది. వద్దంటే నాకేమప్పా, తాడిపత్రిలో కొంటా" అని ఫోన్ పెట్టేశాడు.

వాసుదేవ్ లేచి వచ్చి నాగరాజ్ కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఆ కట్టడి తీసేయ్. ఎవరు ఏం పంపినా తీసుకోనీ."

"అన్నా, బుక్కులో ఫోటోలు తప్ప తీసుకోవద్దని రాసినారు."

"ఎందుకంట?"

నాగరాజ్ పుస్తకం తీసి ఆ పేజీ చూపించాడు. ప్రమాదం అని మాత్రం ఉంది. ఏం ప్రమాదమో ఆ పుస్తకం చెప్పలేదు, వాడూ ఇంకెక్కడా వెతకలేదు.

"వచ్చే గిరాకీని వాకిట్లో నిలబెట్టి నీ సంచిలో ఏముండాదని అడుగుతామాప్పా? తీసేయ్."

నాగరాజ్ తీసేశాడు. ఆ ఇంజనీరు పేరు చెప్పి ఆ ఒక్క రకం ఫైలును కూడా చేర్చి ఊరుకుని ఉండొచ్చు. ఆ ఆలోచన తట్టింది కూడా. కానీ వాసుదేవ్ వెనకే నిలబడి ఉన్నాడు, ఇంజనీరు తాడిపత్రికి పోయేలోపు మళ్ళీ ఫోన్ చేయాలని తొందరపడుతున్నాడు. మొత్తం తీసేయడం సులువు. తీసేసి, బటన్ మీద ‘ఏ ఫైలైనా పంపండి’ అని కొత్తగా రాశాడు. సాయంత్రానికి సత్రం డ్రాయింగ్ వచ్చింది. ఆర్డరూ వచ్చింది.

ఆ తరువాత ఒక పేపర్ విలేఖరి వచ్చి జిల్లా పేజీలో రాశాడు. కంప్యూటర్ ముందు వాసుదేవ్ కూర్చున్న ఫోటో. ‘రాళ్ళకు ఇంటర్నెట్ దారి చూపిన యువకుడు’ అని పైన పెద్ద అక్షరాలు. సైటు తానే రాత్రింబవళ్ళు కూర్చుని తయారు చేశానని వాసుదేవ్ చెప్పినట్టు కింద ఉంది. నాగరాజ్ ఆ పేపర్ మడిచి బల్ల మీద పెట్టి, బిల్లులు కొట్టుకున్నాడు. ప్రమీలమ్మ, అంటే వాసుదేవ్ తల్లి, ఆ రోజు ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంపింది. నాగరాజ్ కూడా తిన్నాడు.

వానాకాలం చివర్లో జీపు వచ్చింది. ఇద్దరు హైదరాబాద్ నుంచి వచ్చిన మఫ్టీ పోలీసులు. వాళ్ళ వెంట ఊరి ఎస్సై ఏసేపు. ఒక పెద్ద బ్యాంకు పేజీని అచ్చు దించినట్టు దొంగ పేజీ ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. మీ ఖాతా ఆగిపోతుంది, వెంటనే ఇక్కడ నొక్కండి అని జనానికి మెయిళ్ళు వస్తున్నాయి. నొక్కి పాస్‌వర్డ్ కొట్టినవాళ్ళ ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. రాజమండ్రిలో ఒక రిటైరైన పంతులు, కూతురి ఆపరేషన్‌కని దాచుకున్నదంతా పోగొట్టుకుని ఫిర్యాదు చేశాడు. ఆ దొంగ పేజీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతే బేతంచెర్ల బండల సైటులో తేలింది.

ఆఫీసులోనే ఉన్న లక్ష్మీనరసయ్య లేచి నిలబడ్డాడు. వాసుదేవ్ ఇద్దరికీ కుర్చీలు వేసి, తాను నిలబడే ఉన్నాడు.

"ఈ సైటు ఎవరు తయారు చేసినారు?" మఫ్టీలో ఉన్న పెద్దాయన అడిగాడు.

"మా దగ్గర పనిచేసే పిల్లోడు సార్. నాగరాజ్. అంతా వాడే చూసుకుంటాడు. మాకు కంప్యూటర్ సంగతి ఏమీ తెలీదు."

"పేపర్లో నువ్వే చేసినట్టు ఉండాది గదప్పా?" అన్నాడు ఏసేపు. ఆ పేపర్ స్టేషన్లో ఆయనా చదివాడు.

"పేపరోళ్ళు అట్లే రాస్తారు సార్" అన్నాడు వాసుదేవ్.

నాగరాజ్ అక్కడే బల్ల దగ్గర ఉన్నాడు. వాసుదేవ్ వాడి వైపు చూడలేదు. సైటు పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందని అడిగితే నాగరాజ్ చేయి ఎత్తాడు, బడిలో ఎత్తినట్టు. ఎత్తినందుకే తీసుకుపోయారు.

కర్నూలులో ఒక గదిలో కూర్చోబెట్టి అడిగారు. బ్యాంకు పేజీ ఎవరు పెట్టమన్నారు, నీ వెనక ఎవరున్నారు, పాస్‌వర్డులు ఎవరికి పంపినావు. తెలీదు సార్ అన్నప్పుడల్లా చెంప మీద ఒకటి పడింది. మధ్యాహ్నం దాటినాక, హైదరాబాద్ వాళ్ళతో వచ్చిన కంప్యూటర్ చూసే అతను స్క్రీన్ వాడి వైపు తిప్పాడు.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

జనం పంపిన ఇంటి ప్లాన్లన్నీ చేరే ఫోల్డర్ అది. పడకగదులు, వంటిళ్ళు, మైదుకూరు నుంచి వచ్చిన ఎరువుల గోడౌన్ ప్లాను, ఒంటిమిట్ట సత్రం. వాటి మధ్యలో ఒక చిన్న ఫైలు. ఇంటి ప్లాను లాగే పేరు, కానీ ఫైలు రకం చెప్పే చివరి మూడక్షరాలు వేరు. అది బొమ్మ కాదు, ప్రోగ్రాము.

నాగరాజ్ ఆ మూడక్షరాలు చూశాడు. ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. బొమ్మను అడిగితే సర్వర్ బొమ్మను చూపిస్తుంది. ప్రోగ్రామును అడిగితే నడిపిస్తుంది. ఎవడో ఒకడు ఇంటి ప్లాన్ అని చెప్పి ఆ ఫైలు పంపాడు. సైటు ఏమీ అడగకుండా తీసుకుని లోపల పెట్టుకుంది. తరువాత వాడు ఎక్కడో కూర్చుని ఆ ఫైలు అడ్రస్ కొట్టాడు. అది లేచి కూర్చుంది. ఇంక సర్వర్ మొత్తం వాడి చేతిలోకి పోయింది. బ్యాంకు పేజీ పెట్టుకున్నాడు, వచ్చిన పాస్‌వర్డులు పట్టుకుపోయాడు. పుస్తకంలో ప్రమాదం అని రాసింది దీన్నే.

"నేను కట్టడి పెట్టినా సార్. ఫోటోలు తప్ప రాకుండా. వాసన్న తీసేయమంటే తీసేసినా."

"కాగితం ఉండాదా? మెయిల్ ఏమన్నా?"

"నోటితో చెప్పినాడు సార్."

కంప్యూటర్ చూసే అతను జాలిగానే చూశాడు. "ఆ ఫైలు బయటి దేశం నుంచి వచ్చినట్టు, సర్వర్ రాకపోకలు రాసుకునే లాగుల్లో కనపడుతోంది. కానీ అది రూఢి కావాలంటే టైం పడుతుంది" అన్నాడు. అప్పటిదాకా ఎవరో ఒకరు లోపల ఉండాలి. నాగరాజ్‌ను రిమాండ్‌కు పంపారు. మరుసటి రోజు జిల్లా పేజీలో వాడి పేరు వచ్చింది, ‘బ్యాంకు ఖాతాలు దోచిన కంప్యూటర్ దొంగ’ అని.

ఉరుకుందమ్మ జైలుకు వచ్చి చువ్వల అవతల నిలబడింది. బువ్వ పెడతాండారా అని అడిగింది. నాగరాజ్ జరిగింది చెప్పాడు. ఆమెకు అర్థమైంది ఒక్కటే, వాసుదేవ్ చెప్తే చేశాడని.

జైలు నుంచి నేరుగా ఆమె లక్ష్మీనరసయ్య ఇంటికి పోయింది. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. ఉరుకుందమ్మ మెట్ల కింద నిలబడి కొంగు పట్టుకుంది.

"సావుకారీ, మీ పిల్లోడు ఒక మాట చెప్తే సాలంటప్పా. నేనే తీయమన్నానని ఒక్క మాట. ఇంకేమీ వద్దు."

లక్ష్మీనరసయ్య లేచి లోపలికి పోయాడు. లోపల గొంతులు వినపడ్డాయి. ముందు ఆయనది, తరువాత వాసుదేవ్‌ది, ఆ మధ్యలో ప్రమీలమ్మది. "మీకు గుండె బాగలేదు, ఉన్న ఒక్క కొడుకు జైలుకు పోతే…" అన్నది ఆమె గొంతే.

ఆయన బయటికి వచ్చేసరికి మనిషి వంగినట్టు ఉన్నాడు. ఉరుకుందమ్మ తల మీదుగా వీధిలోకి చూస్తూ మాట్లాడాడు.

"మావోడు అట్లేమీ చెప్పలేదంటాండాడమ్మా."

"మావోడు చెప్పినాడంటాండాడు సావుకారీ."

"ఇంటికి పో ఉరుకుందమ్మా. లాయర్ను మాట్లాడతాలే."

మాట నిలబెట్టుకునే మనిషి కాబట్టి లాయర్ను మాత్రం మాట్లాడాడు. ఆమె ఇంటికి పోతూ దారిలో బండ మీద కూర్చుండిపోయింది. నరసయ్య శెట్టి అబద్ధం చెప్పినట్టు ఇన్నేళ్ళలో ఆమె వినలేదు. ఆ ఇంటివాళ్ళు అబద్ధం చెప్పకపోతే మరి ఎవరు చెప్పినట్టు?

బెయిలు వచ్చింది. ఆ తరువాత చాలా నెలలకు, బయటి దేశం నుంచే ఎవరో సర్వర్లోకి చొరబడ్డారని రూఢి అయ్యి, చార్జిషీటులో నాగరాజ్ పేరు తీసేశారు. ఏసేపు స్టేషన్‌కు పిలిపించి, "నీ మీద ఏమీ లేదప్పా, పో" అన్నాడు. పేపర్లో అది రాలేదు. అడగడానికి నాగరాజ్ విలేఖరి దగ్గరికి పోతే, "ఇప్పుడు దాంట్లో వార్త ఏముంది?" అన్నాడు అతను.

కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటర్లో పని అడిగాడు. పేరు చెప్పగానే ఆ యజమాని, "బేతంచెర్ల నాగరాజా?" అన్నాడు. కడపలో ఒక నెట్ సెంటర్ వాళ్ళు నాలుగు రోజులు చూసి వద్దన్నారు. కంప్యూటర్ తెలిసిన మనిషి అంటే సంతోషించే రోజుల్లో, వీడికి కంప్యూటర్ తెలుసు అనేదే భయమైపోయింది.

ఇంట్లో ఇంకోరకం. బొజ్జన్న ఆ సంగతి ఎత్తేవాడే కాదు. మంచంలో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఉరుకుందమ్మ ఒకనాడు సంగటి వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు నాయనా. నాతో చెప్పు, ఎవురితోనూ అనను. ఏమీ చేయకుంటే ఎట్ల తీసుకపోతారు?"

నాగరాజ్ ముద్ద చేతిలోనే ఉంది. ఓపిగ్గా చెప్పడానికే ప్రయత్నించాడు. ఎవడో దొంగ యాడనో కూర్చుని లోపలికి వచ్చినాడని చెప్పాడు.

"యాడనో ఉండేవాడు నువ్వు కట్టిన దాంట్లోకి ఎట్లొస్తాడు?"

"తలుపు తెరిచి పెట్టింటిమి మా."

"తెరిచిందెవరు?"

"నేనే. వాసన్న చెప్తే."

"ఆయన చెప్పలేదంట గదప్పా."

నాగరాజ్ ముద్ద గిన్నెలో పెట్టేశాడు. పోలీసు చెంప మీద కొట్టినప్పుడు కూడా వాడికి ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఆమె దాన్ని కూడా తప్పుగానే అర్థం చేసుకుంది. దగ్గరికి జరిగి వీపు నిమురుతూ, "పోనీలే, ఇంక చేయొద్దు" అంది.

తరువాత కొన్నాళ్ళకు స్టేషన్ రోడ్డులో వాసుదేవ్ ఎదురుపడ్డాడు. మోటార్ సైకిల్ ఆపాడు.

"ఎట్లుండావు నాగరాజూ?"

"ఉండానన్నా."

"నాయన నిన్ను రమ్మంటాండాడు. కంప్యూటర్ కాడ వద్దులే, లోడింగ్ కాడ చూసుకుందువు."

నాగరాజ్ పక్కకు తప్పుకుని నడవబోయాడు. వాసుదేవ్ బండి అడ్డం పెట్టాడు.

"నేను ఒప్పుకునింటే నన్ను గూడా తీసుకపోతాండిరి. నాయనకు గుండె బాగలేదు, ఫ్యాక్టరీ మూతపడేది. నీకైతే…" అని ఆగిపోయాడు.

"నాకైతే ఏమన్నా?"

వాసుదేవ్ బండి స్టార్ట్ చేయబోయాడు.

"పని వద్దులే అన్నా. ఒకటి చేయి. మా ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పు, నువ్వు తీయమన్నావని. పోలీసులతో వద్దు, కోర్టులో వద్దు. కేసు గూడా అయిపోయింది. మా అమ్మ ఒక్కదానితో చెప్తే సాలు."

"చెప్తాలే" అన్నాడు వాసుదేవ్. ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగినట్టే అనిపించింది నాగరాజ్‌కు.

వచ్చాడు కూడా. ఆదివారం పొద్దున బత్తాయిల సంచి పట్టుకుని, తల వంచి గడప దాటాడు. ఉరుకుందమ్మ హడావిడిగా చాప దులిపి వేసింది. బొజ్జన్న లేవలేక మంచంలోనే చేతులు జోడించాడు. శెట్టిగారి కొడుకు తమ గుడిసెలో కూర్చోవడం అదే మొదలు. ఉరుకుందమ్మ నీళ్ళిస్తే తాగాడు. బొజ్జన్న నడుం సంగతి అడిగాడు. మంచి డాక్టర్ కడపలో ఉన్నాడని చెప్పాడు. నాగరాజ్ గుంజకు ఆనుకుని నిలబడి వింటున్నాడు. వాసుదేవ్ రెండుసార్లు వాడి వైపు చూశాడు, ఏదో చెప్పబోయాడు. ఉరుకుందమ్మ ముఖం చూసేసరికి మాట మారిపోయింది.

"నాగరాజు మంచోడమ్మా. ఏదో పొరపాటు జరిగింది. దాన్ని మనసులో పెట్టుకోవద్దు. మేమూ పెట్టుకోలేదు."

లేచి, బొజ్జన్న కాళ్ళ దగ్గర బత్తాయిల సంచి పెట్టి, బయటికి పోయాడు. బయట మోటార్ సైకిల్ ఒకసారి కిక్కు కొడితే స్టార్ట్ కాలేదు. మళ్ళీ కొట్టాడు. శబ్దం సందు మలుపు తిరిగేదాకా ఉరుకుందమ్మ వాకిట్లోనే నిలబడి చూసింది. లోపలికి వచ్చినప్పుడు ఆమె ముఖం తేటపడి ఉంది.

"చూసినావా నాయనా, ఎట్లాంటోళ్ళో. మన ఇంటికి నడిచొచ్చినాడు. నువ్వు చేసిందాన్ని కడుపులో పెట్టుకున్నారు."

నాగరాజ్ గుంజ వదిలి బయటికి పోయాడు. కొన్నాళ్ళకు మైదుకూరులో ఒక పసుపు మండీలో బస్తాలు తూచే పని దొరికింది. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు, వాడూ ఏమీ చెప్పలేదు. నెలకొకసారి ఇంటికి వచ్చి పోయేవాడు. అట్లా వచ్చినప్పుడు ఒకసారి అమ్మ ఇంట్లో లేదు. ఫ్యాక్టరీలో కాలవల్లో బురద ఎత్తే పనికి పోతోందని బొజ్జన్న చెప్పాడు.

సాయంత్రం ఆమె తెల్లటి కాళ్ళతో వచ్చింది.

"యాడా పని దొరకలేదామ్మా? ఆడికే పోవల్లనా?"

ఉరుకుందమ్మ బోకిలోంచి నీళ్ళు ముంచి కాళ్ళ మీద పోసుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"పిలిచి ఇచ్చినారు నాయనా. నువ్వైతే పోనంటివి. వాళ్ళంత చేసినప్పుడు మనింట్లోంచి ఎవురో ఒకరు పోయి చేయల్ల గదా."

ఆమె కాళ్ళకు పట్టిన రాతి బురద నీళ్ళతో పోలేదు. గోటితో గీరుకుంటూ కూర్చుంది. నాగరాజ్ చెంబు తీసుకుని ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాడు.